ఇందిరమ్మను గెలిపించిన మెదక్: మనం అడగాల్సిన లెక్క

(జిల్లా రైతు సంఘం సంగారెడ్డిలో నిర్వహించిన శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం తరగతిలో బొలీవియా అధ్యక్షుడిగా పనిచేసిన ఈవో మొరాలెస్ గురించి చెప్పుకున్నాం. కోకా ఆకు పండించే రైతుల సంఘం నుంచి ఎదిగి దేశాధ్యక్షుడైన మనిషి ఆయన. భోజనాల దగ్గర కొందరు కార్యకర్తలు ఒక ప్రశ్న వేశారు. "అంత దూరం ఎందుకు సార్, ప్రధానమంత్రే మన జిల్లా నుంచి ఎంపీగా ఉండె కదా, దానితో మన రైతుకు ఏమొచ్చింది?" అని. మంచి ప్రశ్న. ఈ పూట దాని గురించే మాట్లాడతాను. చివర్లో మళ్లీ బొలీవియాకు వస్తాను, ఎందుకంటే రెండు కథలూ పక్కపక్కన పెడితేనే మనకు పనికొచ్చే పాఠం తేలుతుంది.

ఇందిరా గాంధీ 1980 జనవరి నుంచి 1984 అక్టోబర్ 31న హత్యకు గురయ్యే దాకా మెదక్ లోక్‌సభ సభ్యురాలు. అంటే చనిపోయే నాటికి ఆమె మన ఎంపీ. నలభై ఏళ్లు దాటినా ఆమె పేరు మన ఊళ్లలో బతికే ఉంది. ఇల్లు ఇస్తే ఇందిరమ్మ ఇల్లు, కూలీకి సాయం ఇస్తే ఇందిరమ్మ భరోసా. అసైన్డ్ భూమిని కూడా మన ముసలివాళ్లు "ఇందిరమ్మ ఇచ్చిన భూమి" అంటారు. ఆ మాటలో కృతజ్ఞత ఉంది. కృతజ్ఞత తప్పు కాదు. కానీ లెక్క అడగడం మానేస్తే మాత్రం తప్పు. ఆమెను పొగడటానికీ తిట్టడానికీ మనం ఇక్కడ కూర్చోలేదు. ఏం ఇచ్చారు, ఎలా ఇచ్చారు, ఏం మిగిలింది – ఈ మూడు ప్రశ్నలు వేసుకుందాం.

ఢిల్లీ నుంచి మెదక్ దాకా

ఇందిరా గాంధీ 1966 జనవరి 24న ప్రధాని అయ్యారు. దేశంలో అప్పుడు కరువు, తిండిగింజల కొరత. పార్టీలో పెద్ద నాయకులు ఆమెను తమ మాట వినే మనిషి అనుకున్నారు. 1969లో ఆ లెక్క తప్పింది. ఆ ఏడాది జూలై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేశారు. రాష్ట్రపతి ఎన్నికలో పార్టీ అధికారికంగా నిలబెట్టిన మన నీలం సంజీవరెడ్డిని కాదని అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయమన్నారు. వి.వి. గిరి గెలిచారు, కాంగ్రెస్ రెండుగా చీలింది. 1971 ఎన్నికల్లో "గరీబీ హఠావో" అన్న నినాదంతో 352 సీట్లు తెచ్చుకున్నారు.

ఆ గాలిలో కూడా మన దగ్గర కథ వేరు. 1969లో తెలంగాణ ఉద్యమంపై కాల్పులు జరిగాయి, వందల మంది ప్రాణాలు పోయాయి. ఆమె ప్రత్యేక రాష్ట్రానికి ఒప్పుకోలేదు. దానికి జవాబుగా 1971లో తెలంగాణలోని 14 సీట్లలో 10 తెలంగాణ ప్రజాసమితికి ఇచ్చారు మన వాళ్లు. అందులో మెదక్ ఒకటి. ఏడాది తిరగకముందే ఆ పార్టీ నాయకులు పోయి కాంగ్రెస్‌లో కలిశారు. ఓటు వేసింది ప్రజలు, బేరం చేసుకున్నది నాయకులు.

ఇంకా వెనక్కి పోతే 1952లో మెదక్ తొలి ఎంపీ డాక్టర్ జయసూర్య, సరోజినీ నాయుడి కొడుకు. ఆయన గెలిచింది పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ నుంచి, అంటే సాయుధ పోరాటం ముగిసిన వెంటనే కమ్యూనిస్టులు నిలబెట్టిన వేదిక నుంచి. మెదక్ ఎప్పుడూ ఒకరి జాగీరు కాదని గుర్తుపెట్టుకోండి.

1975 జూన్‌లో అలహాబాద్ హైకోర్టు ఆమె ఎన్నికను కొట్టేసింది. జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ పెట్టారు. 1977లో రాయ్‌బరేలీలో రాజ్ నారాయణ్ చేతిలో ఓడిపోయారు. ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోతే మన ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 సీట్లలో 41 ఆమె పార్టీకే ఇచ్చింది. మిగిలిన ఒక్కటీ నంద్యాల, అక్కడ గెలిచింది సంజీవరెడ్డి. 1978లో కర్ణాటకలోని చిక్‌మగళూరు నుంచి ఉపఎన్నికలో గెలిస్తే, సభ నుంచి బహిష్కరించి కొద్ది రోజులు జైల్లో పెట్టారు. జైలుకు పోయి వచ్చిన నాయకురాలికి జనంలో సానుభూతి పెరిగింది.

1980లో రెండు చోట్ల పోటీ చేశారు. ఒకటి రాయ్‌బరేలీ, రెండోది మెదక్. మెదక్‌లో జనతా పార్టీ తరఫున ఎస్. జైపాల్ రెడ్డి నిలబడ్డారు. ఆమె రెండు లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. రెండు చోట్లా గెలిచాక రాయ్‌బరేలీ వదిలేసి మెదక్ ఉంచుకున్నారు. అలా చెలకలూ చెరువులూ ఉన్న ఒక వెనుకబడిన జిల్లా, దేశ ప్రధానిని పార్లమెంటుకు పంపింది. ఓడిపోయినప్పుడు ఉత్తరాది ఆమెను వదిలేసింది, మనం నిలబెట్టాం. కాబట్టి లెక్క అడిగే హక్కు మనకు ఇంకాస్త ఎక్కువే.

రైతుకు ఇచ్చినవి

ముందు జమ రాద్దాం. బ్యాంకుల జాతీయీకరణకు ముందు వాణిజ్య బ్యాంకుల అప్పుల్లో వ్యవసాయానికి దక్కింది రెండు శాతం చుట్టూ మాత్రమే. రైతుకు దిక్కు షావుకారే. జాతీయం చేశాక మండల కేంద్రాలకు, పెద్ద ఊళ్లకు బ్యాంకు వచ్చింది. 1975లో గ్రామీణ బ్యాంకులు, 1982లో ఆమె మన ఎంపీగా ఉండగానే నాబార్డు వచ్చాయి. ఈ రోజు బ్యాంకు మేనేజరు పంటరుణం ఇవ్వకుండా తిప్పితే మనం పోయి ధర్నా చేయగలుగుతున్నామంటే, అది ప్రభుత్వ బ్యాంకు కాబట్టే. ఇది ఆమె చేసిన పెద్ద పని.

వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1975లో ఆర్డినెన్సు, 1976లో చట్టం తెచ్చారు. 1973లో భూసంస్కరణల చట్టం వచ్చింది, 1975 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అయిదుగురున్న కుటుంబానికి నేల రకాన్ని బట్టి తరి అయితే 10 నుంచి 27 ఎకరాలు, కుష్కి అయితే 35 నుంచి 54 ఎకరాలు పరిమితి. కాగితం మీద మంచి చట్టమే. కానీ చట్టం వస్తుందని చాలా ముందే తెలిసిన దొరలు భూములను బంధువుల పేర్ల మీద, జీతగాళ్ల పేర్ల మీద సర్దేశారు. మిగులు కింద చూపించిన దాంట్లో రాళ్లూ గుట్టలూ ఎక్కువ. అమలు చేయాల్సిన పట్వారీ దొర గడీలోనే కూర్చునేవాడు. ఊళ్లో సంఘం బలంగా ఉన్న చోట భూమి చేతికొచ్చింది, లేని చోట పట్టా కాగితం వచ్చింది.

ఖర్చు కూడా రాయాలి. ఎమర్జెన్సీ 21 నెలలు నడిచింది. ఇరవై సూత్రాల కార్యక్రమంలో భూపంపిణీ అన్నారు. అదే సమయంలో భూమి కోసం కొట్లాడే రైతుకూలీ నాయకులను జైళ్లలో పెట్టారు. సమ్మె చేసే హక్కు పోయింది, పత్రికలకు సెన్సారు వచ్చింది. 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైలులో ఆదిలాబాద్ జిల్లా రైతాంగ పోరాట కార్యకర్తలు భూమయ్యను, కిష్టాగౌడ్‌ను ఉరితీశారు. ఒక చేత్తో భూమి ఇస్తామంటూ, భూమి అడిగిన వాళ్ల గొంతు రెండో చేత్తో నొక్కారు. ఇచ్చేది మేమే అయి ఉండాలి, మీరు అడగకూడదు – ఎమర్జెన్సీ సారాంశం రైతు భాషలో చెప్పాలంటే ఇదే.

ఫ్యాక్టరీల జిల్లా

ఇప్పుడు మన నేలకు వద్దాం. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ 1960లలోనే చెకొస్లొవేకియా సాయంతో మొదలైంది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. దాదాపు 3,500 ఎకరాలు. మన్మూలు, కాచిరెడ్డిపల్లి అనే రెండు ఊళ్లు ఖాళీ చేసి కదిలిపోయాయి. జొన్న, సజ్జ, కంది, శనగ, తర్వాత వేరుశనగ – మన మెట్ట పంటల మీదే అక్కడి పరిశోధన. మంచి వంగడాలు వచ్చాయి, ప్రపంచానికి పోయాయి. హరిత విప్లవం డబ్బంతా కాలువ కింది వరికీ గోధుమకూ పోతున్న రోజుల్లో మెట్ట పంటలకు ఒక సంస్థ రావడం చిన్న విషయం కాదు. కానీ జొన్నకు ధర ఇప్పించే బాధ్యత ఇక్రిశాట్‌ది కాదు, ప్రభుత్వానిది. ఆ పని జరగలేదు. విత్తనం మెరుగుపడింది, జొన్న చేను మాత్రం తగ్గిపోయింది.

1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వచ్చింది. మన ఎంపీ ప్రధాని కావడం వల్లే అది ఇక్కడికి వచ్చిందని అందరికీ తెలుసు. ఊరు ఎద్దుమైలారం అయినా ఫ్యాక్టరీ పేరు "ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ మెదక్". బీహెచ్ఈఎల్, ఆయుధ కర్మాగారం – ఈ రెంటిలో పర్మనెంటు నౌకరీ దొరికిన కుటుంబాలు బాగుపడ్డాయి. పిల్లలు చదువుకున్నారు. ఇది కాదనలేం. 2021 అక్టోబర్‌లో ఆయుధ కర్మాగారాలన్నింటినీ కంపెనీలుగా మార్చారు. ఇప్పుడు అక్కడి కార్మికులు రేపు ఏమవుతుందోనన్న ఆందోళనలో ఉన్నారు.

వీటి చుట్టూ పెరిగిన మిగతా పరిశ్రమల కథ వేరు. మెదక్‌ను వెనుకబడిన జిల్లాగా ప్రకటించి, కంపెనీ పెట్టేవాళ్లకు సబ్సిడీలు ఇచ్చారు. 1970ల మధ్య నుంచి పటాన్‌చెరు, తర్వాత బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి – వరసగా పారిశ్రామికవాడలు లేచాయి. బాలానగర్‌లో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీలో పని నేర్చిన వాళ్లలో చాలామంది బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. మందులు చవకయ్యాయి, దేశానికి మేలు జరిగింది. ఆ మేలుకు కట్టాల్సిన బిల్లు మాత్రం నక్కవాగు కట్టింది.

నక్కవాగు పోయి మంజీరలో కలుస్తుంది. దాని నీళ్లతో తరి పండేది, పశువులు తాగేవి, చాకలి రేవులు ఉండేవి. కంపెనీల రసాయనాలు వాగులోకి వదిలాక నీళ్లు రంగు మారాయి. వరి ఎండింది, బర్లు చచ్చాయి, బావుల్లో నీళ్లు వాసన వచ్చాయి. రైతులు రోడ్డెక్కారు. పటాన్‌చెరు డాక్టర్ అల్లాణి కిషన్‌రావు లాంటి వాళ్లు రైతులతో కలిసి ఏళ్ల తరబడి కొట్లాడారు. 1990లో విషయం సుప్రీంకోర్టుకు పోయింది. సంగారెడ్డి జిల్లా జడ్జి పంట నష్టం లెక్కకట్టారు, కొన్ని ఊళ్ల రైతులకు పరిహారం వచ్చింది. 1994లో పటాన్‌చెరులో వ్యర్థజలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించారు. శుద్ధి అయ్యాయన్న ఆ నీళ్లలో సిప్రోఫ్లాక్ససిన్ అనే మందు, ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ ఉందని తేలింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు–బొల్లారాన్ని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పెట్టింది.

భూమి పోయిన రైతు కొడుకు కంపెనీలో పర్మనెంటు కాలేదు. కాంట్రాక్టరు కింద గేటు బయట నిలబడ్డాడు. ఇప్పుడు ఆ పని కూడా బీహార్, ఒడిశా, జార్ఖండ్ నుంచి వచ్చిన పేదలతో ఇంకా తక్కువ కూలికి చేయిస్తున్నారు. 2025 జూన్ 30న పాశమైలారం పేలుడులో 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది అలా పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లే. వాళ్లు మన పని లాక్కున్నవాళ్లు కాదు. మనలాగే భూమి బతకనివ్వక వచ్చినవాళ్లు. రైతు సంఘం, కార్మిక సంఘం ఒకే టెంటు కింద కూర్చోవాలని మనం చెప్పేది అందుకే.

ఆమె ఎంపీగా ఉన్న కాలంలోనే

1980 నుంచి 1983 జనవరి దాకా మూడేళ్లలో రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులు మారారు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కర రెడ్డి. మార్చింది ఢిల్లీ. జనం విసిగిపోయారు. 1982 మార్చిలో ఎన్‌టీఆర్ పార్టీ పెట్టారు, తొమ్మిది నెలలు తిరగగానే ముఖ్యమంత్రి అయ్యారు. 1984 ఆగస్టులో ఆయన ప్రభుత్వాన్ని గవర్నర్ చేత బర్తరఫ్ చేయిస్తే నెల రోజుల్లో మళ్లీ కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఆ ఉద్యమంలో రైతులు, విద్యార్థులు, ఉద్యోగులు అందరూ వీధుల్లోకి వచ్చారు.

ఆ అక్టోబర్‌లో ఇందిర హత్య జరిగింది. డిసెంబర్ ఎన్నికల్లో దేశమంతా సానుభూతి గాలి. రాజీవ్ గాంధీకి 400కు పైగా సీట్లు వచ్చాయి. మరి స్వయంగా ఆమె నియోజకవర్గమైన మెదక్ ఎవరిని గెలిపించింది? తెలుగుదేశం అభ్యర్థి మాణిక్ రెడ్డిని. ఆమె మరణానికి మన ఊళ్లలో కన్నీళ్లు పెట్టుకోని ఇల్లు తక్కువ. అయినా ఓటు దగ్గరికి వచ్చేసరికి మన వాళ్లు కన్నీళ్లను, లెక్కను వేరుగా పెట్టారు. ఆ తెలివి మన తాతలది. దాన్ని మనం పోగొట్టుకోవద్దు.

ఇచ్చిన భూమి, తీసుకునే భూమి

ఇప్పుడు అసలు విషయం. అసైన్డ్ భూమి, మన లావణి పట్టా. 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. పేదవాడి భూమి షావుకారు రాయించుకోకుండా ఆపడమే దాని ఉద్దేశం. మంచిదే. కానీ పట్టా షరతుల్లో ప్రభుత్వానికి అవసరమైతే వెనక్కి తీసుకోవచ్చని ఉంది. పరిశ్రమలు వచ్చినప్పుడల్లా మొదట కన్ను పడేది ఈ భూముల మీదే. "ఇది సర్కారు భూమి, మీకు ఊరికే ఇచ్చింది, ఎంతో కొంత ఇస్తాం తీసుకోండి" అంటారు. తండ్రి రాళ్లు ఏరి, కొడుకు బోరు వేసి, ముప్పై నలభై ఏళ్లు చెమటోడ్చిన భూమి ఊరికే ఇచ్చినదెలా అవుతుంది?

దీని మీద 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం స్పష్టంగా చెప్పింది: అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాల్సిందే. ఈ తీర్పు గురించి ఏ అధికారీ మీకు చెప్పడు. మీరే చెప్పాలి.

జహీరాబాద్ దగ్గర న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ పేరుతో 12,635 ఎకరాల ప్రణాళిక వేశారు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం జహీరాబాద్ పారిశ్రామిక నగరంలో 3,245 ఎకరాల మొదటి దశకు ఆమోదం ఇచ్చింది. అంతకుముందు 2015లో రాష్ట్ర ప్రభుత్వం 123 జీవో తెచ్చి, 2013 భూసేకరణ చట్టాన్ని పక్కన పెట్టి నేరుగా రాయించుకోవడం మొదలుపెట్టింది. ఆ జీవో మీద కోర్టుకు పోయింది ఎవరు? పెద్ద రైతులు కాదు. నిమ్జ్ ఊళ్ల వ్యవసాయ కూలీలు. "భూమి అమ్మినవాడికి డబ్బు వస్తుంది, ఆ భూమి మీద కూలి చేసి బతికే మా సంగతేంటి?" అన్నదే వాళ్ల వాదన. 2016 ఆగస్టు 3న హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. ప్రభుత్వం అప్పీలుకు పోయింది, కొత్త జీవోలు తెచ్చింది, 2017లో చట్టానికే సవరణ చేసి పారిశ్రామిక కారిడార్ల లాంటివాటికి సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చే దారి పెట్టుకుంది. పోరాటం అయిపోలేదు. అయినా గుంట భూమి లేని కూలీలు ఒక ప్రభుత్వాన్ని తన జీవో మార్చుకునేలా చేశారు. ఇది మన జిల్లాలో జరిగింది.

దీన్ని ఇంకో దానితో పోల్చండి. 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులకు భూమి మీద యాజమాన్య హక్కు వచ్చింది. 38–ఇ సర్టిఫికెట్ అంటే మీకు తెలుసు. అది ఏ నాయకుడి దయా కాదు. సాయుధ పోరాటం వల్ల వచ్చిన చట్టం. అందుకే దానికి ఎవరి పేరూ పెట్టలేదు. డెబ్బై ఏళ్ల తర్వాత కూడా ఆ కాగితం పట్టుకుని కోర్టులో నిలబడే వాళ్లున్నారు. దయగా ఇచ్చినదానికి దాత పేరు ఉంటుంది, వెనక్కి తీసుకునే షరతూ ఉంటుంది. హక్కుగా సాధించుకున్నదానికి పేరు ఉండకపోవచ్చు, అది మాత్రం నిలబడుతుంది.

బొలీవియా చెప్పే రెండో పాఠం

అయితే పైనుంచి దిగిన నాయకుల బదులు మనలోంచి ఎదిగిన నాయకుడు ఉంటే చాలా? ఈవో మొరాలెస్ కథ చూడండి. రైతు సంఘం నుంచి వచ్చారు. 2005 డిసెంబర్‌లో గెలిచారు. 2006 మే 1న సహజవాయువును ప్రభుత్వ అధీనంలోకి తెచ్చారు, ఆ డబ్బుతో పేదరికం బాగా తగ్గింది. 2009లో మూలవాసులకు గౌరవమిచ్చే కొత్త రాజ్యాంగం వచ్చింది. ఇవన్నీ నిజమైన విజయాలు. కానీ నాయకుడు సంఘం కంటే పెద్దవాడయ్యాడు. మళ్లీ పోటీ చేసేందుకు అనుమతి కావాలని 2016లో ప్రజాభిప్రాయం అడిగితే జనం వద్దన్నారు. అయినా 2019లో పోటీ చేశారు. గొడవలు చెలరేగాయి, సైన్యం తప్పుకోమంది, నవంబర్‌లో రాజీనామా చేసి దేశం విడిచిపోయారు. తర్వాత పార్టీలోనే చీలికలు వచ్చి, 2025 ఎన్నికల్లో ఆ పార్టీ అధికారం కోల్పోయింది.

బ్రెజిల్ లూలా ఫ్యాక్టరీ కార్మికుడు. మూడుసార్లు ఓడి 2002లో గెలిచారు. 2018లో జైలుకు పోయి, 580 రోజులు ఉండి వచ్చి, 2022లో మళ్లీ గెలిచారు. ఓడిన మనిషి, జైలుకు పోయిన మనిషి మళ్లీ గెలవడం మనం ఇందిర విషయంలోనూ చూశాం. నాయకులు పడిపోతారు, లేస్తారు. అది వాళ్ల కథ. వాళ్లు పడినా లేచినా మన చేతిలో ఏముంది అన్నదే మన కథ.

ఇక మన పని

ఈ తరగతుల నుంచి ఊరికి పోయాక నాలుగు పనులు చేయండి. ఒకటి, ఊళ్లో అసైన్డ్ భూములన్నింటికీ పట్టా కాగితం, పాత పహాణీ నకళ్లు తీసి ఒక ఫైలు చేయండి. భూమి సర్వే బృందం వచ్చాక వెతుక్కుంటే దొరకవు. రెండు, కౌలురైతులు, కూలీల పేర్ల జాబితా గ్రామసభ తీర్మానంలో రాయించండి. పునరావాసం అడగాలంటే పేరు కాగితం మీద ఉండాలి. మూడు, వాగు నీళ్ల రంగు మారినా, చేపలు చచ్చినా, ఆ రోజే తేదీ వేసి ఫొటో తీసి కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి, రసీదు దాచుకోండి. నక్కవాగు రైతులకు పరిహారం వచ్చింది నష్టాన్ని లెక్కలతో చూపించగలిగారు కాబట్టి. నాలుగు, పక్కనున్న కంపెనీలోని కాంట్రాక్టు కార్మికులను మీ సమావేశానికి పిలవండి, వాళ్ల సమావేశానికి మీరు పోండి.

ప్రధానమంత్రి ఎంపీగా ఉన్నా మన వాగు మనకు మిగల్లేదు. ప్రధానమంత్రి ఎవరో చూసుకోకుండా కోర్టుకు పోయిన కూలీలు జీవోను ఆపారు. ఎవరొచ్చి ఏం ఇస్తారా అని చూడటం ఆపి, మనకు రావాల్సినది ఏమిటో కాగితం మీద రాసుకుని అడుగుదాం. నలుగురం కలిసి అడుగుదాం.